ఒక సీసా, రెండు అర్జీలు

మా ఊళ్ళో అబద్ధం ఆడలేని మనిషి ఒక్కడే ఉన్నాడని నేను చాలా ఏళ్ళు నమ్మాను. ఊళ్ళో మిగతా అబద్ధాలకోరులందరూ కలిసి నన్ను పెట్టని ఇబ్బంది ఆయన ఒక్కడూ పెట్టాడు.

నేను బ్రాంచి పోస్టుమాస్టరుని. వినడానికి పెద్ద ఉద్యోగంలా ఉంటుంది. గూడూరు దగ్గరి కోట అనే ఊరికి తూర్పున, రొయ్యల గుంటలు దాటి సముద్రం దాకా వస్తే చేపలు పట్టే కుటుంబాల ఊరొకటి ఉంది. ఆ ఊళ్ళో మేము అద్దెకున్న ఇంటి ముందు గదే పోస్టాఫీసు. ఒక బల్ల, ఒక తూకం మిషను, ఒక బెంచీ, గోడకు పోస్టులో పంపకూడని వస్తువుల అట్ట. ఉత్తరాలు పంచడానికి ఒక అన్న ఉన్నాడు. నాకంటే పదేళ్ళు పెద్ద, నాకంటే ఇరవై రెట్లు ఎక్కువ మాట్లాడతాడు. మా ఆయనకు రొయ్య పిల్లల హేచరీలో పని దొరికితే కావలి నుంచి ఇక్కడికి వచ్చాం. వచ్చిన ఏడాదికి ఈ ఉద్యోగం నాకు వచ్చింది.

చేరిన మొదటి డిసెంబరులో, ముసురు పట్టిన ఒక ఉదయం, ఇస్త్రీ చొక్కా, నున్నగా గీసిన గడ్డం, మెరుస్తున్న బూట్లతో ఒక పెద్దాయన వచ్చాడు. తడి ఇసుకలో నడిచి వచ్చిన బూట్లు అంత శుభ్రంగా ఎలా ఉన్నాయో నాకు ఇప్పటికీ అర్థం కాదు. తెల్లగుడ్డలో కుట్టిన పార్శిలు బల్ల మీద పెట్టాడు. కుట్లు మిషను మీద వేసినట్టు సమంగా ఉన్నాయి. చిరునామా అచ్చు గుద్దినట్టుంది. ఉత్తరాదిలో ఎక్కడో గంగ ఒడ్డున ఒక పల్లె.

"ఇందులో ఏముంది సార్?" అన్నాను. అందరినీ అడిగే మాటే.

"రమ్ము."

సరిగా వినలేదనుకున్నాను. "ఏందండీ?"

"రమ్ము, మేడం. మిలిటరీ క్యాంటీనుది. ఒక సీసా. సీలు తియ్యలేదు."

నా ఉద్యోగంలో అంతకు ముందు గానీ ఆ తర్వాత గానీ ఎవరూ నాతో అంత నిజం మాట్లాడలేదు. ఆ బల్ల ముందు నిలబడి ఆవకాయను బట్టలన్నవాళ్ళున్నారు. ఎండుచేపలను పుస్తకాలన్నవాళ్ళున్నారు. ఆ పుస్తకాల వాసనకు మా అన్న సంచీని సైకిలుకు వెనక వైపు కట్టుకుని వెళ్ళేవాడు. అవన్నీ నేను నవ్వుకుంటూ తీసుకున్నాను. నిజం చెప్పిన మనిషిని మాత్రం తిప్పి పంపాల్సి వచ్చింది.

"మందు పంపకూడదు సార్. రూలు."

"ఎక్కడుంది రూలు?"

గోడ మీద అట్ట చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని పై నుంచి కింద దాకా చదివాడు. తర్వాత నా దగ్గరున్న రూల్సు పుస్తకం అడిగి, బెంచీ మీద కూర్చుని, అదీ చదివాడు. అరగంట పట్టింది. లేచి, పుస్తకం జాగ్రత్తగా బల్ల మీద పెట్టి అన్నాడు: "తేనెటీగల్ని పంపొచ్చంట. జలగల్ని పంపొచ్చంట. సీలు తియ్యని సీసా పంపకూడదంట."

"అవును సార్."

"రూలు రూలే గదా మేడం," అని పార్శిలు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. వాదించలేదు. వాదించి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

ఆయన సంగతి మా అన్న చెప్పాడు. చెప్పకుండా ఉండలేడు కాబట్టి ఆ రోజే చెప్పాడు. చేపలు పట్టే ఇంట్లో పుట్టి, పద్దెనిమిదేళ్ళకే పటాలంలో చేరి, హవల్దారుగా దిగి ఊరొచ్చినాయన. ఉత్తరాన మంచు కొండల మీద కాపలా ఉన్నప్పుడు ఒక డిసెంబరులో మంచు విరిగి వీళ్ళ గుడారం మీద పడింది. ఈయనా, పక్క మంచం మీది ఇంకొకాయనా రెండు గంటలు మంచు కింద ఉన్నారు. ఒకరి పేరు ఒకరు పిలుచుకుంటూ నిద్రపోకుండా ఉన్నారట. తవ్వి తీశాక ఇద్దరికీ ఒకే ఇత్తడి లోటాలో రమ్ము పోసి తాగించారు. అప్పటి నుంచి ఆ రోజున ఇద్దరూ ఒక్కో పెగ్గు తాగుతారు. రిటైరయ్యాక ఆయన అక్కడ, ఈయన ఇక్కడ. మిగతా మూడొందల అరవై నాలుగు రోజులూ ముట్టరు.

అంతా బాగానే జరుగుతుంటే, ఆ స్నేహితుడి రాష్ట్రంలో మందు పూర్తిగా మానిపించారు. దుకాణాలు లేవు, క్యాంటీనులో లేదు. దొరికితే జైలు. దాంతో మా హవల్దారు గారు తన క్యాంటీను సీసా ఆయనకు పంపాలనుకున్నారు. ఉత్తరం పంపినట్టే సీసా కూడా పంపొచ్చుననే ఆయన ధీమా. ఈ దేశం తన చేతికి తుపాకీ ఇచ్చి సరిహద్దులో నిలబెట్టింది, ఒక సీసా విషయంలో నమ్మదా అని.

మరుసటి డిసెంబరులో మళ్ళీ వచ్చాడు. సీసా అదే, గుడ్డ మాత్రం కొత్తది.

"రూలు మారిందా మేడం?"

"లేదు సార్."

"సరే."

ప్రతి ఏడూ ఇదే. మూడో ఏడో నాలుగో ఏడో, ఆయన ముఖం చూసి నాకే ఉండబట్టలేదు. గదిలో ఎవరూ లేరు. గొంతు తగ్గించి, "సార్, నేనడిగినప్పుడు కొబ్బరి నూనె అనకూడదా?" అన్నాను.

ఆయన నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. కోపం కాదు. బడిలో మంచి పిల్ల అనుకున్న పిల్ల కాపీ కొడుతూ దొరికితే పంతులు చూస్తాడే, అలాంటి చూపు. "సంతకం పెట్టి అబద్ధం చెప్పమంటారా మేడం?" అన్నాడు. బల్ల ముందు ఉన్నంతసేపూ నేను మేడాన్ని. గడప దాటితే పాపని. ఆ రోజు గడప దాటాక కూడా మేడం అనే అన్నాడు. దాన్ని బట్టి నా తప్పెంతటిదో తెలుసుకున్నాను.

వరండాలో నిలబడి ఫోను తీసి స్నేహితుడికి చేశాడు. నాకు హిందీ వచ్చు; కావలిలో చదువుకునే రోజుల్లో ఆ పరీక్షలన్నీ కట్టాను. "ఈ ఏడు కూడా పంపలేకపోయాను. నీ వాటా కూడా నేనే తాగుతాలే, దిగులు పడకు," అంటున్నాడు. అవతలి నుంచి పెద్ద నవ్వు వినిపించింది. పాపం, ఎంత మంచి స్నేహం అనుకుంటూ నేను ముద్రలు వేసుకున్నాను.

అర్జీ ఆలోచన టీవీ వల్ల వచ్చింది. ఏదో రాష్ట్రంలో మందు ఇంటికే తెచ్చి ఇస్తున్నారని వార్తల్లో చెప్పారట. మర్నాడే వచ్చాడు.

"బిర్యానీ ఇంటికొస్తాది. చెప్పులు ఇంటికొస్తాయి. ఆడెక్కడో మందు కూడా ఇంటికొస్తాదంట. మన పోస్టు ఎందుకు తేకూడదు? అర్జీ పెడతాను. రాసి పెట్టండి మేడం."

ఊళ్ళో అర్జీలు రాసేది నేనే. పింఛను అర్జీలు, కరెంటు అర్జీలు, వలలు తెగినప్పటి అర్జీలు. ఉద్యోగంలో ఉండి మందు కోసం అర్జీ రాయవచ్చా అన్న ఆలోచన నాకు రాకపోలేదు. కానీ ఎవరైనా అర్జీ రాయమంటే రాయకూడదని రూల్సు పుస్తకంలో లేదు. ఆయన చదివాడు గదా, ఆయనకూ తెలుసు.

"మాజీ సైనికులకు మాత్రమే. రాసినారా?"

"రాసినాను సార్."

"ఏడాదికి ఒక్క సీసా. ఒక్కటంటే ఒక్కటే. రేకు డబ్బాలో పెట్టాల. డబ్బా మీద పెద్దక్షరాలతో రమ్ము అని రాయాల. తీసుకునే మనిషి సంతకం చెయ్యాల, వేలిముద్ర వెయ్యాల, ఫోటో కార్డు చూపించాల."

"ఇన్నుంటే ఎవరు పంపుతారు సార్?"

"నేను పంపుతాను."

"ఒక మాట సార్. మన శాఖ ఒప్పుకున్నా, ఆయన రాష్ట్రంలో నిషేధం గదా. అక్కడ పట్టుకుంటే?"

కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. "అది రెండో అర్జీ మేడం. ముందిది కానీండి," అన్నాడు.

రాసింది చదివి వినిపిస్తే ఎంత సబబుగా ఉందంటే, నాకే మందు పంపాలనిపించింది. పై వాళ్ళకు రిజిస్టరు చేసి పంపాను.

సంచీ కట్టింది మా అన్న. పైన చిరునామా చూశాడు, లోపలిది ఊహించాడు. టీ కొట్టు దగ్గర రెండు ముక్కలు వదిలాడు. వారం తిరిగేసరికి పోస్టాఫీసులో మందు ఇస్తారన్న మాట పడవ పడవకూ పాకింది. ఆ వారం మా గది కళకళలాడింది. ఎన్నడూ గడప తొక్కని మగవాళ్ళు తలలు దువ్వుకుని వచ్చారు. ఒకాయన పొదుపు ఖాతా తెరిచి, పాసుబుక్కు చేతికి తీసుకుని, "ఖాతా ఉండేవాళ్ళకు ముందిస్తారంట గదా మేడం," అని మెల్లిగా అడిగాడు. అలాంటిదేమీ లేదని చెప్పాను. కన్ను గీటి, "చెప్పకూడదులే, నాకు తెలుసు," అని వెళ్ళి ఇంకో నలుగురిని పంపాడు. అంతకు ముందు ఏడంతా తిరిగినా తెరిపించలేని ఖాతాలు వారంలో తెరుచుకున్నాయి. మా పై అధికారి ఫోను చేసి, ఊళ్ళో పొదుపు మీద ఇంత చైతన్యం ఎలా తెచ్చావమ్మా అని మెచ్చుకున్నాడు. దేవుడి దయ సార్ అన్నాను.

దేవుడి విషయానికొస్తే, ఆ ఆదివారం మా చర్చిలో అయ్యగారు ప్రార్థన చేస్తూ, మన మధ్య ఉన్న పోస్టాఫీసును శోధనలో పడకుండా కాపాడుమని ప్రభువును అడిగారు. అందరూ ఆమేన్ అన్నారు. కళ్ళు మూసుకుని అనాల్సిన ఆమేన్ నా వైపు చూస్తూ అన్నారు. ప్రభు భోజనానికి కూడా ద్రాక్షపళ్ళు పిండిన రసమే వాడే సంఘం మాది.

సోమవారం ఆడవాళ్ళు వచ్చారు.

ముప్పై మంది దాకా ఉంటారు. ముందు నడిచింది హవల్దారు గారి భార్య. నేను పెద్దమ్మా అని పిలుస్తాను. సారా వద్దని ఆడవాళ్ళు లేచి నిలబడ్డ జిల్లా మాది. అప్పుడు ఆమెకు ముప్పై కూడా లేవు. సారా ప్యాకెట్లు మోసుకొచ్చిన ఎద్దుబండిని ఆపి, ఎద్దుల్ని విప్పేసి, ప్యాకెట్లు కాలవలో పోయించిన మనిషి. మొగుడప్పుడు మంచు కొండల మీదున్నాడు. సెలవు మీద వచ్చినప్పుడు ఆ ఏటి పెగ్గు పెరటి గోడ అవతల నిలబడి తాగాల్సి వచ్చిందట. ఆమెకు కోపమొస్తే ఇప్పటికీ ఊరంతా వినిపిస్తుంది.

"ఏం మే, పోస్టాఫీసు పెట్టినావా, బ్రాందీ షాపు పెట్టినావా?"

"అట్టాంటిదేం లేదు పెద్దమ్మా. ఎవరో అర్జీ పెట్టుకున్నారు. అంతే."

"ఎవుడు వాడు?"

"చెప్పకూడదు. రూలు."

"వాడి రూలు కాలవలో బొయ్యా. చెప్పు."

బెంచీ చివర హవల్దారు గారు కూర్చుని ఉన్నారు. అర్జీకి జవాబు వచ్చిందేమో చూద్దామని రోజూ పదింటికి వచ్చి కూర్చుంటున్నారు. భార్య వెనక ఆడవాళ్ళు నిలబడ్డంతో ఆమె ఆయన్ని చూడలేదు. నేను ఆయన వైపు చూడకుండా ఉండాలని ఎంత ప్రయత్నించానో నాకే తెలుసు. ఆయన లేచి నిలబడ్డాడు. బూట్లు రెండూ దగ్గరికి చేర్చాడు.

"నేనే," అన్నాడు.

గదిలో తూకం మిషను చిన్నగా గూఁ అంటూ ఉంటుంది. అది వినిపించింది. పెద్దమ్మ వెనక్కి తిరిగి ఆయన్ని నెత్తి నుంచి బూట్ల దాకా చూసింది.

"ఆ ఒక్క సీసా కోసమా?"

"ఆ."

"ఊళ్ళో ఉండే తాగుబోతు నాయాళ్ళంతా అకౌంట్లు తెరిచింది నీ వల్లా?"

"వాళ్ళ సంగతి నాకు తెలీదు. నేను అర్జీలో మాజీ సైనికులని రాయించినాను."

ఆడవాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్దమ్మ నవ్వలేదు. నా బల్ల మీద రెండు చేతులూ ఆనించి, "ఆయనకు రాసి పెట్టింది నువ్వే గదా? ఇప్పుడు నాకు రాసి పెట్టు. పోస్టులో మందు ఒద్దంటే ఒద్దు. ఈ జిల్లాలో అసలే ఒద్దు. ఆయన కాగితం కంటే నాది పైన పెట్టు," అంది.

రాశాను. ఇదీ సబబుగానే వచ్చింది. ఒకే చేతిరాతతో, ఒకే కలంతో. ముప్పై మంది సంతకాలూ వేలిముద్రలూ వేశారు. వేలిముద్ర వేసేవాళ్ళకు ఇంకు అట్ట పట్టుకుని నిలబడింది హవల్దారు గారే. పట్టుకోమని ఎవరూ అడగలేదు. చివర్లో మూడో వరసలో ఒక పేరు తప్పు రాశానని కూడా ఆయనే చూపించారు.

నాలుగు రోజులు ఆ ఇంట్లో మాటల్లేవని మా అన్న చెప్పాడు. అయిదో రోజు ఆవిడే, చేపల పులుసులో ఉప్పు చాలిందా అని అడిగిందట. చాలలేదు అన్నాడట. నిజం చెప్పే మనిషి మరి.

రెండు నెలలకు జవాబులు వచ్చాయి. రెండూ ఒకే సంచీలో. రెండు కవర్లూ ఒకే ఇంటికి. ఫైలు నంబర్లు తప్ప రెంటిలో ఉన్న మాటలు ఒకటే: మీరు పంపింది అందింది, తగిన చర్య కోసం సంబంధిత విభాగానికి పంపుతున్నాం. హవల్దారు గారు అది చదివి, "చర్య అన్నారు మేడం. అంటే కదిలింది," అన్నారు. పెద్దమ్మకు చదివి వినిపిస్తే, "చర్య తీసుకుంటారంట. ఆపేసినట్టే గదా," అంది. ఇద్దరూ గెలిచారు. ఆయనది ఫైలులో పెట్టుకున్నాడు. ఆమెది దేవుడి పటం వెనక పెట్టుకుంది. నేను ఇద్దరికీ అభినందనలు చెప్పాను.

పోయిన డిసెంబరుకు ముందు, ఆ స్నేహితుడే వస్తున్నానని కబురు చేశాడు. భార్యతో తిరుపతి మొక్కు. దర్శనం అయ్యాక గూడూరులో దిగి ఇక్కడికొచ్చి రెండు రోజులుంటారు. సీసా అక్కడికి పోలేదు గనక తాగే మనిషే ఇక్కడికొస్తున్నాడు. పైగా మంచు విరిగిన తారీఖుకే వస్తున్నాడు.

పెద్దమ్మ ఏమంటుందోనని నేనే భయపడ్డాను. చింతపండు నానేస్తూ నాతో అంది: "ఇంటికొచ్చిన మనిషికి ఏది ఇష్టమో అది పెట్టాల. వద్దనను. అయితే ఆ గ్లాసులు మాత్రం నేను కడగను. వాళ్ళే కడుక్కోవాల."

ఆ మధ్యాహ్నం నన్ను పిలిపించారు. మగవాళ్ళిద్దరికీ హిందీ ఉంది. ఆడవాళ్ళిద్దరి మధ్యా ఏ భాషా లేదు. వచ్చినావిడ గుండ్రటి ముఖం, నెత్తి మీద కొంగు, తిరుపతి గుండు. పెద్దమ్మా ఆవిడా చాప మీద కూర్చుని ఒకరి గాజులు ఒకరు చూసుకుంటున్నారు. నేను మధ్యలో కూర్చున్నాను. స్నేహితుడు భారీ మనిషి. ఇల్లు కదిలేలా నవ్వుతాడు. హవల్దారు గారు లోపలికి వెళ్ళి సీసా తెచ్చారు. ఆ ఏటి కొత్త గుడ్డలోనే ఉంది. కుట్లు ఒక్కొక్కటే బ్లేడుతో కోసి, సీసా తీసి స్నేహితుడి చేతికి రెండు చేతులతో ఇచ్చారు.

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పాడు. లేబుల్ దగ్గరగా పెట్టుకుని చదివాడు. నవ్వు ఆగింది.

"ఇది ఎప్పటి సీసా?" అన్నాడు హిందీలో.

హవల్దారు గారు కోసిన గుడ్డను మడత పెట్టసాగారు.

"సీలు అలాగే ఉంది. తయారైన ఏడు చూడు. మా దగ్గర మానిపించినప్పటిది. నువ్వు ఏటా నా వాటా కూడా తాగానన్నావు గదా. ఏం తాగావు?"

"ఏమంటాడు?" అని పెద్దమ్మ నన్ను పొడిచింది.

"సీసా పాతదంటున్నాడు పెద్దమ్మా."

"పాతదే. ఈయన ముట్టింది యాడ? ఇన్నేళ్ళుగా ట్రంకు పెట్టెలోనే ఉండాది."

నేను హవల్దారు గారి వైపు చూశాను. ఆయన నేల వైపు చూస్తున్నారు. "నీకు లేదంటే నాకెట్లా దిగుతుంది?" అన్నారు. "తాగలేదంటే నువ్వు బాధపడతావని తాగానన్నాను."

కొబ్బరి నూనె అనమన్నందుకు నన్ను ఆ చూపు చూసిన మనిషి, మా వరండాలోనే నిలబడి ఏటా అబద్ధం ఆడాడు. సంతకం పెట్టలేదు గనక ఫర్వాలేదనుకున్నాడో ఏమో.

స్నేహితుడి పెద్ద ముఖం నల్లబడింది. సీసా చాప మీద పెట్టాడు. చెవి గోక్కున్నాడు. అప్పుడు చెప్పాడు. ఆయన ఒక్క ఏడు కూడా మానలేదు. వాళ్ళ దగ్గర మందు ఇంటికే వస్తుంది. మానిపించక ముందు ఆరు మైళ్ళు సైకిలు తొక్కి వెళ్ళి తెచ్చుకోవాల్సి వచ్చేది. మానిపించాక ఫోను చేస్తే చాలు, తెచ్చేవాడు పాలవాడి కంటే ముందు వస్తాడు. ధర మూడింతలు, అంతే. ఫోనులో అవన్నీ చెబితే ఎవరైనా వింటారని భయపడి, దొరకడం లేదని అన్నాడు. "నువ్వు తాగుతున్నావు గదా అనుకున్నాను," అన్నాడు. "నేనూ తాగుతున్నాను గదా. ఇద్దరం తాగుతున్నట్టే లెక్క గదా."

"ఏమంటాడు మే? చెప్పు," అంది పెద్దమ్మ.

ఇది చెప్పాలా వద్దా అని ఒక క్షణం అనుకున్నాను. చెప్పాను. మొత్తం చెప్పాను.

పెద్దమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాను. కాదు. "నేను బండ్లు ఆపినా, కేకలేసినా, ఏడ్చినా ఆ ఒక్క పెగ్గు మానలా ఈయన," అంది ఊపిరి తిప్పుకోలేక. "ఆయన అబద్ధం చెప్తే ఈయన ఇన్నేళ్ళు మానినాడు. ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టాల నేను."

అది నేను వచ్చినావిడకు హిందీలో చెప్పాను. ఆవిడ కూడా నవ్వింది. తర్వాత మొగుడి వైపు తిరిగి, ఏటా డిసెంబరులో పాలవాడి కంటే ముందొచ్చేదెవరో తనకు ఈ రోజే తెలిసిందని, ఇంటికెళ్ళాక మాట్లాడదామని నెమ్మదిగా అంది. దాన్ని మాత్రం నేను తెలుగులోకి మార్చలేదు. ఆవిడ గొంతుకు తర్జుమా అక్కరలేదు.

నవ్వనిది హవల్దారు గారొక్కరే. లేచి, బూట్లు కూడా వేసుకోకుండా ఒడ్డు వైపు నడిచారు. ఆయన్ని ఉత్తి కాళ్ళతో చూడడం నాకు అదే మొదలు. స్నేహితుడు కాసేపు కూర్చుని, ఆయన వెనకే వెళ్ళాడు. ముసురులో నీళ్ళ దగ్గర ఇద్దరి వీపులూ కనిపిస్తున్నాయి. ఒకటి సన్నగా నిటారుగా, ఒకటి వెడల్పుగా.

"ఏం మాట్లాడుకుంటుండారు?" అంది పెద్దమ్మ.

"ఇంత దూరానికి వినపడదు పెద్దమ్మా."

"చేతులు ఊపుతుండాడు చూడు ఆయన. కొట్టుకోరు గదా?"

కొట్టుకోలేదు. అరగంటకు తడిసి వచ్చారు. ఏమనుకున్నారో ఎవరికీ చెప్పలేదు. పెద్దమ్మ ఇద్దరికీ తువ్వాళ్ళిచ్చి, లోపలికెళ్ళి రెండు స్టీలు గ్లాసులు, ఒక పళ్ళెంలో వేయించిన నెత్తళ్ళ చేపలు తెచ్చి పెట్టింది. సీసా మూత తిప్పలేక హవల్దారు గారు అవస్థ పడుతుంటే స్నేహితుడు తీసుకుని తిప్పాడు. పోశారు. ఒకరి పేరు ఒకరు పిలుచుకున్నారు. మంచు కింద పిలుచుకున్నది అలాగే అనుకుంటాను, మెల్లిగా, మూడు నాలుగు సార్లు.

హవల్దారు గారు ఒక గుక్క తాగి దగ్గారు. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. ఇంకో గుక్క తాగబోయి గ్లాసు దించేశారు. "మండుతోంది," అన్నారు. "ఇంత మండేదా?" అలవాటు పోయింది. ఆయన గ్లాసులోది కూడా స్నేహితుడే తాగాడు. ఆ తర్వాత ఇద్దరూ తొట్టి దగ్గర నిలబడి గ్లాసులు కడిగారు. హవల్దారు గారు తోమారు, స్నేహితుడు నీళ్ళు పోశాడు. పెద్దమ్మ గడపలో నిలబడి, అడుగు కూడా తోమమని చెప్పింది.

వాళ్ళు వెళ్ళిపోయి ఇప్పటికి చాలా నెలలైంది. మగవాళ్ళిద్దరి మధ్యా ఫోన్లు కొంచెం తగ్గాయి. బెట్టు అనను గానీ, ఒకరి మాట ఇంకొకరు వెంటనే నమ్మడం లేదు. బాగున్నానంటే, నిజంగానా అని అడుగుతున్నారు. ఆడవాళ్ళ ఫోన్లు మాత్రం మొదలయ్యాయి. మొదట్లో వారానికోసారి నన్ను పిలిచేవాళ్ళు. ఇటు మాట అటు, అటు మాట ఇటు మోసేదాన్ని. పెద్దమ్మ, వాళ్ళ ఊళ్ళో ఇంటికి మందు తెచ్చేవాడి సంగతేమైందని ప్రతిసారీ అడిగేది. అక్కడి ఆవిడ వాడిని పట్టించడానికి తన వీధి ఆడవాళ్ళతో కలిసి ఒక అర్జీ పెట్టిందట. ఎలా రాయాలో నేనే ఫోనులో చెప్పాను.

ఈ మధ్య నన్ను పిలవడం మానేశారు. మొన్న ఒడ్డున ఎండుచేపలు తిరగేస్తూ పెద్దమ్మ కనిపిస్తే, మాట్లాడుకోవడం లేదా అని అడిగాను.

"ఎందుకు మాట్లాడం? నిన్న గంటసేపు మాట్లాడినాం."

"ఎట్టా పెద్దమ్మా, నేను లేకుండా?"

"ఆమె హిందీలో ఆమె చెప్తాది. నా తెలుగులో నేను చెప్తాను," అంది, చేపని రెండో వైపు తిప్పుతూ. "అంతా మొగోళ్ళ మీదేలే. తెలీకుండా ఎట్టా ఉంటాది?"